ఏడు దేశాల జెండాలు కుట్టి వచ్చాం

మా గోదావరిఖనిలో ఢిల్లీ చూసొచ్చినవాళ్లకు కొదవ లేదు. యూనియన్ ధర్నాకని పోయినవాళ్లు, కంపెనీ ఇచ్చే సెలవు ప్రయాణంలో కుటుంబంతో వెళ్లి ఎర్రకోట ముందు ఫొటో దిగినవాళ్లు, క్వార్టర్ల వరుసకు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. నేను, సాబిరా అక్క వెళ్లింది మాత్రం పని మీద. 2007 ఎండాకాలం మొదట్లో మన ఇరుగు పొరుగు దేశాల అధినేతలంతా ఢిల్లీలో కూర్చుని మాట్లాడుకున్నారు. వాళ్ల బల్లల మీద నిలబడిన జెండాలు, కార్ల ముందు ఎగిరిన జెండాలు కొన్ని మా చేతి కుట్టు. వచ్చిన దగ్గర్నుంచీ చుట్టుపక్కలవాళ్లు అడుగుతూనే ఉన్నారు. అడిగినవాళ్లకల్లా చెప్పాను. అడగనివాళ్ల కోసం రాస్తున్నాను.

రామగుండం

నేను దర్జీని. మా ఆయన మల్లేశం భూగర్భ గనిలో కార్మికుడు. సాబిరా అక్క మా వెనక వరుసలో ఉంటుంది. ఆమె భర్త ముప్పై ఏళ్లు గనిలో దిగి రిటైరయ్యాడు. కొలిచి కత్తిరించేది నేను, మగ్గం మీద సన్నపని చేసేది అక్క. పెళ్లి జాకెట్లు మా రోజువారీ పని. ఏటా గనుల్లో రక్షణ వారోత్సవాలు జరిగేటప్పుడు బ్యానర్లు కూడా కుడతాం. ఒకసారి అక్క బ్యానర్ మీద గని టోపీ, దాని ముందుండే లైటు దారంతో కుట్టింది. ఆ లైటు నిజంగానే వెలుగుతోందేమోనని జనం దగ్గరికొచ్చి తడిమి చూశారు.

ఆ బ్యానర్‌ను ఒక ఆఫీసరు మరిచిపోలేదు. ఆయన రిటైరై ఢిల్లీలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఇంటి దగ్గరి బజారులో జెండాలు కుట్టే దుకాణం ఉంది. అక్కడి కటింగ్ మాస్టరు మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అధినేతల సమావేశానికి ఇంకా పట్టుమని పది రోజులు లేవు. "మా గనుల దగ్గర ఇద్దరున్నారు, పిలిపిస్తాను" అని దుకాణదారుకు మాటిచ్చి, ఆ సారు మాకు ఫోన్ చేశాడు.

మల్లేశం రెండో షిఫ్టుకు తయారవుతుంటే భయపడుతూనే సంగతి చెప్పాను.

"ఢిల్లీకా? మీరిద్దరేనా?" అన్నాడు.

"ఆ, ఇద్దరమే. పొమ్మంటవా?"

ఆయన బూటు లేసు కట్టుకుంటూ నవ్వాడు. "నేను రోజు భూమి లోపటికి పోయి వస్తున్న. నువ్వు పోయేది భూమ్మీదనే గద. పో. పిల్లల ఫికర్ చెయ్యకు, మా అక్క వచ్చి ఉంటది."

రామగుండం స్టేషన్లో పొద్దున బండెక్కాం. సంచిలో రెండు కత్తెరలు, అక్క సూదుల డబ్బా, సర్వపిండి, సకినాలు, ఒక సీసాడు మామిడికాయ తొక్కు. కరెంటు ప్లాంటు గొట్టాలు కనుమరుగయ్యేదాకా అక్క కిటికీ వదల్లేదు.

నాగపూర్ దాటాక

నాగపూర్‌లో ఒక పెద్దావిడ ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. భోపాల్‌లో బడి పంతులమ్మనని చెప్పింది. చీటికీ మాటికీ ఫ్యాన్ గాలి తనవైపు తిప్పుకుంటోంది. ఎక్కడి నుంచని హిందీలో అడిగింది. నాకు హిందీ అర్థమవుతుంది కానీ నోట రాదు. అక్కకు ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూయే కాబట్టి ఆమే జవాబు చెప్పింది. అక్క అవునుకు "హౌ", వద్దుకు "నక్కో" అన్నప్పుడల్లా ఆవిడ ముసిముసిగా నవ్వింది. మొదట అక్క ముఖం చిన్నబోయింది.

అంతలో పక్క పట్టాల మీద బొగ్గు నిండిన గూడ్సు ఎదురొచ్చింది. పెట్టె తర్వాత పెట్టె, ఎంతకీ అయిపోవడం లేదు.

"ఎంత బొగ్గో!" అంది పంతులమ్మ.

అక్క తన దక్కనీలోనే అంది: "ఆ బొగ్గు మాది కాకపోవచ్చు. కానీ అట్లాంటిదే మా ఆయన ముప్పై ఏళ్లు తీశాడు. ఇదిగో ఈమె ఆయన ఇప్పుడు తీస్తున్నాడు. మీ తల మీద ఫ్యాన్ ఊరికే తిరగదమ్మా."

పంతులమ్మ పైకి చూసింది. ఆ తర్వాత ఫ్యాన్ జోలికి పోలేదు. అక్క భాష విని ఒక్కసారి కూడా నవ్వలేదు. ఇటార్సీలో టీ కొని మాకిద్దరికీ ఇచ్చింది. ఆ టీ మూడు రూపాయలు, మా ఖనిలో, అదే గోదావరిఖనిలో, రెండు. అయినా అల్లం బాగా దంచి వేశారు. మేం సర్వపిండి పెడితే ఆవిడ కొరికి, "ఇందులో పల్లీలా?" అని అడిగి, ఇంకో ముక్క తీసుకుంది. భోపాల్‌లో దిగేముందు అక్క భుజం మీద చెయ్యి వేసి వెళ్లింది.

పాత ఢిల్లీ

దుకాణం పాత ఢిల్లీలో ఒక ఇరుకు బజారులో, మెట్ల పైన ఉంది. యజమానిని అందరూ లాలాజీ అంటారు. లావుపాటి మనిషి, చెవిలో పెన్సిలు. మా సంచి కేసి, మా చేతుల కేసి చూశాడు.

"బొగ్గు ఊరివాళ్లంటున్నారు. తెల్ల సాటిన్ మీద మచ్చ పడిందంటే నా పని గోవిందా" అన్నాడు.

అక్క నన్ను చెప్పమని కళ్లతో సైగ చేసి, నేను తెలుగులో అన్నదాన్ని ఆయనకు వివరించింది. మా ఊళ్లో గాలిలోనే నల్లపొడి ఉంటుంది. పొద్దున ఆరేసిన తెల్లచీర మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. అలాంటి చోట పదిహేనేళ్లుగా తెల్లబట్ట కుట్టి, తెల్లగానే అప్పజెబుతున్నాం. మూడుసార్లు చేతులు కడగనిదే కత్తెర ముట్టం. కింద దుప్పటి పరిచి, సూదిని తుడిచి గానీ గుచ్చం.

లాలాజీ సాయంత్రం అక్క కుట్టిన మొదటి ముక్కను వెలుతురులో పెట్టి వెనకా ముందూ చూశాడు. మర్నాటి నుంచి ఆయనే చేతులు కడుక్కుని వచ్చాడు.

మన త్రివర్ణ పతాకం ఖద్దరుది కాబట్టి వేరే చోటి నుంచి వస్తుందట. మాకు అప్పగించినవి మిగతా ఏడు దేశాలవి. బంగ్లాదేశ్‌ది సులువు, పచ్చటి గుడ్డ మీద ఎర్రటి గుండ్రం. శ్రీలంక సింహానికి కత్తి పట్టుకున్న పంజా, మీసం, తోక వెంట్రుకలు. భూటాన్ తెల్ల డ్రాగన్‌కు ఒళ్లంతా పొలుసులు, నాలుగు పంజాల్లో నాలుగు రత్నాలు. అక్క ఆ డ్రాగన్‌తో రెండు రోజులు మాట్లాడుతూ కుట్టింది. "కదలకు బిడ్డా, నీ గోరొక్కటి మిగిలింది" అంటుంటే ఇస్త్రీ చేసే ముసలాయన ఆశ్చర్యంగా చూసేవాడు.

ఆయనే మూడోరోజు, అక్క చేతిలో నెలవంకా నక్షత్రం ఉన్న జెండా చూసి, "ఇది నువ్వు ఇంకాస్త మనసు పెట్టి కుడతావులే" అన్నాడు.

మగ్గం మీద ఉన్న చేతులన్నీ ఆగిపోయాయి. నాకు ఒళ్లు మండింది. అక్క మాత్రం తలెత్తకుండా దారం తెంపి, అప్పుడు చెప్పింది. "దాదా, ఈ ఏడింటిలో మూడు జెండాల మీద చంద్రుడున్నాడు. పాకిస్తాన్‌ది, మాల్దీవులది, నేపాల్‌ది. మూడింటికీ ఒకటే సూది వాడిన. ఏది ఎవరిదో సూదికి తెలియదు, నాకు తెలుసు. మా ఆయన ముప్పై ఏళ్లు ఏ దేశానికి బొగ్గు తీశాడో అది కూడా తెలుసు."

ముసలాయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. కాసేపయ్యాక కింది నుంచి లస్సీ తెప్పించి అక్క ముందు ఉంచి, "తప్పయింది బేటీ" అన్నాడు. అక్క తాగింది. సగం నాకిచ్చింది.

తిండి సంగతి

ఢిల్లీలో ఇడ్లీ తినాలనుకోవడం మా తెలివితక్కువ. నాలుగు ఇడ్లీలు ఇరవై రూపాయలు, ఒక్కోటి గని యంత్రాలకు వేసే రబ్బరు బిళ్లలా ఉంది. శనగలకూర, పొంగిన పూరీ మాత్రం పదిహేను రూపాయలకు కడుపు నిండా పెడతారు. ఒక హోటల్లో రొట్టెతో చట్నీ అడిగాను, మన తొక్కులాంటిది వస్తుందని. తియ్యగా చింతపండు పానకం తెచ్చిపెట్టాడు. నేను సంచిలోంచి సీసా తీశాను. పక్క బల్లవాళ్లు వాసనకు తిరిగి చూశారు. ఒకాయన కాస్త వేలికి రాసుకుని నాకి, రెండు గ్లాసుల నీళ్లు తాగి, దండం పెట్టాడు.

మా బస ఆడవాళ్ల వసతి గృహంలో. దాని వాచ్‌మన్ పేరు దిల్ బహాదుర్, నేపాలీ. యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ మడత చెదరని ఖాకీ చొక్కా. మేం వెళ్లినప్పుడు, వచ్చినప్పుడు లేచి సెల్యూట్ చేసేవాడు. "మాకెందుకు భాయ్?" అంటే, "పనికి వెళ్లేవాళ్లకు చేస్తాను దీదీ" అనేవాడు.

నేను చేసిన తప్పు

ఐదోరోజు సాయంత్రం ఐదింటికి జెండాలు తీసుకోవడానికి ప్రభుత్వ అధికారి వస్తాడని కబురొచ్చింది. అప్పటికి ఏడు దేశాలవీ పూర్తయ్యాయి. ఇస్త్రీ చేసి తాడుకు వేలాడదీశాం. నాకు గర్వంగా ఉంది. ఏడింటికీ నమూనా గీసి కత్తిరించింది నేనే మరి.

ఆ రోజు పొద్దున తిండి డబ్బా బసలోనే మరిచిపోయి వచ్చాను. పది గంటలకు డ్యూటీ దిగి ఇంటికి పోతూ దిల్ బహాదుర్ దాన్ని తెచ్చిచ్చాడు. వెళ్లబోతూ తాడు దగ్గర ఆగిపోయాడు.

"దీదీ, ఇది ఏ దేశానిది?"

"నేపాల్. మీదే భాయ్!" అంది అక్క సంతోషంగా.

ఆయన చాలాసేపు చూశాడు. "మాది కాదు దీదీ" అన్నాడు మెల్లగా.

నేపాల్ జెండా మిగతావాటిలా నలుచదరం కాదు, ఒకదానిమీద ఒకటి రెండు మొనలు. పాత నమూనా దొరక్కపోతే నేను ఒక పుస్తకంలోని చిన్న బొమ్మ చూసి గీశాను. అందులో జెండా గాలికి ఎగురుతోంది. ఆ ఊగే అంచును అసలు ఆకారమనుకుని, రెండు మొనలనూ పైనా కిందా ఏటవాలుగా కత్తిరించాను, పెళ్లి పందిరి తోరణంలా.

"కింది అంచు నేల లెక్క బల్లపరుపుగా ఉండాలి. పై అంచు కొండ లెక్క వాలాలి. ఇవి కొండలు దీదీ, తోరణాలు కాదు" అన్నాడు.

ఆయన మాట పూర్తయ్యేలోగానే నా తప్పు నాకు అర్థమైంది. నేపాల్‌వే పది జెండాలు. బల్లల మీదివి ఆరు, కార్లవి నాలుగు. లాలాజీ వచ్చి విన్నాడు. "ఇప్పుడేం చేస్తాం? కారు ఉరుకుతుంటే ఎవడికి కనబడుతుంది? పోనివ్వండి" అన్నాడు.

దిల్ బహాదుర్ టోపీ చేతిలోకి తీసుకుని మెట్లవైపు నడిచాడు. ఆ నడక చూసి నేనుండలేకపోయాను.

"అక్కా, ఆపు ఆయనను. లాలాజీకి చెప్పు, కత్తిరించింది నేను, తప్పు నాది. గిట్ల పంపియ్య. ఐదింటి లోపల మళ్ల చేస్త."

"చేస్తవా పద్మా? ఎర్రగుడ్డ కొంచెమే మిగిలింది."

"చేస్త. ఆయనకు కొలత తెలుసేమో అడుగు."

తెలుసు. ఆయనకు చిన్నప్పుడు బడిలో పంతులు బెత్తం పట్టుకుని నేర్పాడట. ఆ దేశంలో జెండా ఎలా గీయాలో చట్టంలోనే రాసి ఉంటుందట. ఆయన ముందు కాగితం అడిగాడు. తర్వాత నా దారపుండ చూసి, కాగితం వద్దన్నాడు.

ఒక దారం ముక్క తెంపాడు. ఆ దారం పొడవే జెండా అడుగు అంచు. ఎడమకొసన అదే దారం నిలువుగా పెట్టి ఒక గుర్తు. దాన్ని మూడు మడతలు పెట్టి, ఆ మూడోవంతు పైన కలిపితే పూర్తి ఎత్తు. అడుగు కుడికొస నుంచి నిలువు మీది గుర్తుకు ఐమూలగా గీత. ఆ గీత మీద కుడికొస నుంచి మళ్లీ అదే దారం కొలిచి ఒక చుక్క. ఆ చుక్క మీదుగా అడుగుకు సమాంతరంగా అడ్డగీత, నిలువు నుంచి దాని పొడవు కూడా అదే దారం. దాని కొస నుంచి శిఖరానికి ఇంకో గీత.

గీతలు కలిపేసరికి బల్ల మీద రెండు కొండలు నిలబడ్డాయి.

పదిహేనేళ్లు టేపుతో కొలిచాను. ఒకే ఒక్క దారం ముక్కతో ఒక దేశం జెండా వస్తుందని నాకు తెలియదు. "మళ్ల ఒకసారి చూపియ్యమను అక్కా" అన్నాను. ఆయన చూపించాడు. మూడోసారి నేనే గీశాను. ఆయన తల ఊపాడు.

గుడ్డ ఎంత ఉందో పరిచి చూస్తే సరిగ్గా పదికే సరిపోతుంది, ఒక్క కోత కూడా తప్పకూడదు. ఒక జెండాను తలకిందులుగా, దాని పక్కనే ఇంకోదాన్ని నిటారుగా, పంటి వరుసలా ఇరికించి గీశాను. కత్తెర వేసేటప్పుడు ఊపిరి బిగబట్టాను. అక్క పైన చంద్రుణ్ణి, కింద సూర్యుణ్ణి కుట్టుకుంటూ వచ్చింది. నేను నీలం అంచు వేశాను. ఇస్త్రీ ముసలాయన మా వెనకే నిలబడి, పూర్తయినదాన్ని పూర్తయినట్టు అందుకున్నాడు. రాత్రంతా డ్యూటీ చేసిన మనిషి దిల్ బహాదుర్ ఇంటికి వెళ్లలేదు. సూర్యుడి కిరణాలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. "పన్నెండు" అని ప్రతిసారీ పైకి చెప్పాడు.

నాలుగున్నరకు పదోది తాడు మీదికి ఎక్కింది.

అధికారి ఐదింటికి వచ్చాడు. సన్నగా, కళ్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు. ఫైలు తెరిచి ఒక్కో జెండా చూస్తున్నాడు. నేపాల్‌ది రాగానే ఫైల్లోంచి ఒక నమూనా కాగితం తీసి బల్ల మీద పరిచాడు. నా జెండాను దాని మీద పెట్టాడు. మొన మీద మొన కూర్చుంది. అంచు మీద అంచు కూర్చుంది.

"చాలా చోట్ల ఇదే తప్పు చేస్తారు. ఎవరు గీశారు?" అన్నాడు.

లాలాజీ నన్ను చూపించాడు. నేను దిల్ బహాదుర్‌ను చూపించాను.

అధికారి వెళ్లాక లాలాజీ మాతో మాట్లాడకుండా మెట్లు దిగి పోయాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాం. వేడి జిలేబీ పొట్లంతో తిరిగొచ్చి, మొదట దిల్ బహాదుర్ చేతిలో పెట్టాడు.

రోడ్డు పక్కన

మా తిరుగు ప్రయాణానికి ఇంకా మూడు రోజులున్నాయి. సమావేశం మొదలయ్యే రోజు అధినేతల కార్లు వెళ్లే రోడ్డు ఒకటి దిల్ బహాదుర్‌కు తెలుసు. రాత్రి డ్యూటీ దిగి, నిద్రకు పోకుండా మమ్మల్ని తీసుకెళ్లాడు. పోలీసులు అందరినీ తాడు వెనక్కి నెట్టారు. ఎండ మాడ్చేస్తోంది. అయితే గోదావరిఖని ఎండ తిన్నవాళ్లకు అదొక లెక్క కాదు. పక్కనున్న ఢిల్లీవాళ్లు గొడుగులేసుకున్నారు. మేం కొంగు కప్పుకున్నాం.

ముందు మోటారు సైకిళ్లు వచ్చాయి. తర్వాత నల్లకార్లు రివ్వున దూసుకొచ్చాయి. నేను ఒక్క పెద్దమనిషి ముఖమైనా చూడాలని మునివేళ్ల మీద లేచాను. అద్దాలన్నీ నలుపు. ఒకదాని ముందు ఆకుపచ్చ మీద ఎర్ర గుండ్రం. ఇంకోదాని ముందు అక్క కుట్టిన డ్రాగన్ ఒళ్లు విరుచుకుంటోంది. "అగో, నా బిడ్డ!" అని అక్క కేకేసింది. పోలీసు అటు చూశాడు.

ఆ వెనక వచ్చిన కారు ముందు, నీలం అంచుతో రెండు ఎర్రటి కొండలు గాలికి నిండుగా విప్పుకుని వచ్చాయి.

దిల్ బహాదుర్ మడమలు కలిపి సెల్యూట్ చేశాడు. కారు వెళ్లిపోయింది. దాని వెనకవీ వెళ్లిపోయాయి. తాడు తీసేశారు, జనం రోడ్డు దాటుతున్నారు. ఆయన చెయ్యి ఇంకా నుదుటి దగ్గరే ఉంది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. మేం పక్కన కదలకుండా నిలబడ్డాం.

వెనక్కి నడుస్తూ నేనన్నాను: "ఒక్కల మొఖం గూడ కనవడలే అక్కా."

"మొఖాలదేముంది? టీవీల సూస్తం. మనది సూసినమా లేదా?" అంది అక్క.

లోపల వాళ్లు ఏం మాట్లాడుకున్నారో, ఎంతవరకు కలిశారో నాకు తెలియదు. మర్నాడు పేపర్లో ఏదో వచ్చింది, అక్క చదివి చెప్పింది, నేను సగం మరిచిపోయాను. బయలుదేరే రోజు దిల్ బహాదుర్‌కు మిగిలిన తొక్కు సీసా ఇచ్చాను. ఆయన ఎప్పటిలాగే లేచి నిలబడ్డాడు. ఈసారి ఆయనకంటే ముందు నేనే సెల్యూట్ చేశాను.

షేర్ ఆటో

రామగుండంలో దిగేసరికి మధ్యాహ్నం. వేడిగాలి, బొగ్గు వాసన ఒకేసారి ముఖానికి కొట్టాయి. "అబ్బ, ఇల్లొచ్చింది" అంది అక్క. ఖనికి షేర్ ఆటో ఎక్కాం. అందులో రెండో షిఫ్టుకు పోతున్న ఒక కార్మికుడు ఉన్నాడు, ఒళ్లో టోపీ, టిఫిను. మా సంచులు చూసి జరిగి చోటిచ్చాడు.

"ఏడికెళ్లి వస్తున్నరక్కా?"

"ఢిల్లీకెళ్లి."

"ధర్నాకా?"

"కాదన్నా. పనికి పోయినం" అన్నాను. చెప్పాను. అధినేతల సమావేశం, ఏడు దేశాల జెండాలు, కార్ల ముందు కట్టేవి. నా మాటల్లో ఎక్కడైనా తడబాటు వస్తే అక్క అందుకుంది.

ఆయన నమ్మలేదని మొదట అనుకున్నాను. కానీ ఆయన టోపీని తిప్పుతూ ఆలోచిస్తున్నాడు.

"ఇరవై రెండేండ్ల సర్వీసు నాది. ప్రతి పంద్రాగస్టుకు మా గని మీద జెండాకు సలాం కొడుత. గది ఎవలు కుట్టిండ్రని ఒక్కనాడు గూడ అడగలే" అన్నాడు.

గని గేటు వచ్చింది. దిగి నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కొచ్చి ఆటో కమ్మి పట్టుకున్నాడు.

"మీ పేర్లేందక్కా?"

"నా పేరు పద్మ. ఈమె సాబిరా."

ఆటో కదిలింది. గేటు పక్కన టీ కొట్టు దగ్గర షిఫ్టు కోసం పదిమంది నిలబడి ఉన్నారు. ఆయన వాళ్లవైపు పోతూ పోతూనే చెయ్యెత్తి మావైపు చూపిస్తున్నాడు. ఆటో చప్పుడులో మిగతా మాటలు వినబడలేదు కానీ, మా ఇద్దరి పేర్లూ స్పష్టంగా వినబడ్డాయి.